బొట్టు పెట్టిన బ్రేకులు

ఇన్నేళ్ళూ ఒక బరువు మోశాను అని మొదలుపెడదామనుకున్నాను. రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. బరువు మోసినవాడికి నడుం వంగాలి కదా, నాకేం వంగింది? సుబ్బరంగా తిన్నాను. కంటినిండా నిద్రపోయాను. పెళ్ళిళ్ళకు పట్టుపంచె కట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. మోసినవాడు వేరే ఉన్నాడు. దాన్ని అతని నెత్తిన పెట్టి చేతులు దులుపుకుని వచ్చినవాణ్ణి నేను. పెట్టింది నేనేనని తెలిసి ఉండడం ఒక్కటే నాకు మిగిలింది. దాన్ని కూడా బరువనే అంటారా? ఏమో. కొన్నాళ్ళుగా మాత్రం అది గొంతులో అడ్డం పడుతోంది, మింగినా దిగడం లేదు.

నా పేరు చెప్పను. చెప్పే దమ్మే ఉంటే ఇదంతా మీకెందుకు చెబుతాను, చెప్పవలసినవాడికే చెప్పి ఉండేవాణ్ణి.

అప్పట్లో నేను మా బావగారింట్లో ఉండేవాణ్ణి. జూబ్లీహిల్స్‌లో, ఫిలింనగర్ వైపు దిగే వాలు మీద ఇల్లు. బావ సినిమా నిర్మాత. ఎనభైలు పోయి తొంభైలు వచ్చిన కొత్త. సినిమావాళ్ళు మద్రాసులో మూటాముల్లె సర్దుకుని ఒక్కొక్కరే ఇటు వచ్చేస్తున్నారు. ఇంటికీ ఇంటికీ మధ్య బండరాళ్ళూ తుప్పలూ ఉండేవి. పునాది తీయాలంటే ముందు రాయి పేల్చాలి. నేను మెకానికల్ ఇంజినీరింగు చదివి, ఉద్యోగం దొరక్క అక్క దగ్గరికి చేరాను. దొరక్క అని రాశాను చూశారా, అలవాటు. వెతకలేదు, అదీ నిజం. నిర్మాతగారి బామ్మర్ది అన్నది ఫిలింనగర్‌లో ఒక ఉద్యోగం. పని ఉండదు. టీ తెచ్చేవాడు మాత్రం మనల్ని చూసి లేచి నిలబడతాడు. ఆ లేచి నిలబడడం కోసం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆఫీసు గుమ్మంలో అటూ ఇటూ తిరిగిన ఆ మనిషి ఇప్పుడు ఎదురైతే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

బావకు ఒక విదేశీ కారు ఉండేది. మద్రాసులో ఎవరో హీరో వాడి వదిలేసిన పాత బండి. అది ఇంటికొచ్చిన ఏడాదే బావ సినిమా ఒకటి బ్రహ్మాండంగా ఆడింది. ఇంకేముంది, అది కారు కావడం మానేసి లక్ష్మీదేవి అయిపోయింది. దాన్ని తోలేవాడి పేరు నర్సింగ్. టోలిచౌకి వైపు మనిషి, ఇక్కడి వాడే. కారు లక్ష్మి అయ్యాక అతని కాలు కూడా మంచి కాలు అయింది. సినిమావాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి. కథ బాగుండి సినిమా ఆడిందని ఒక్కడూ అనడు. ఎవడి కాలో, ఎవడి చేయో, ఏ రంగు చొక్కానో వెతుక్కుంటారు. వేరే నిర్మాతలు ముహూర్తం పెట్టుకుంటే మా బావకు ఫోను చేసి నర్సింగ్‌ని అరువడిగేవారు, పొద్దున్న హీరోని ఎక్కించుకుని రావడానికి. వచ్చాక శాలువా కప్పేవారు. డ్రైవరుకి. నవ్వుకోండి, ఏం ఫరవాలేదు.

అతను మహానుభావుడని చెప్పి మీ కళ్ళు తడి చేయను. ఒట్టి గొప్పలమారి. కారు అద్దంలో రోడ్డు కంటే తన క్రాపునే ఎక్కువ చూసుకునేవాడు. బానెట్ ఎత్తితే లోపల ఏముందో తెలియదు, తెలుసుకుందామనీ లేదు. "నా అడుగు వడ్డదంటే హిట్టే సార్, రాసిస్త" అని ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు. నాకు అతనంటే ఒళ్ళుమంట. పొగరుబోతని అనుకునేవాణ్ణి. అసలు కారణం అది కాదు. నా డిగ్రీకి లేని విలువ అతని కాలికి ఉంది ఆ ఇంట్లో. అది నేను ఓర్చుకోలేకపోయాను.

బావ కొత్త సినిమా ముహూర్తం దగ్గర పడింది. పెద్ద హీరో. అంతకుముందు తీసింది దెబ్బతింది కాబట్టి ఇది ఆడి తీరాలి. సరిగ్గా అప్పుడే కారు కూత మొదలుపెట్టింది. బ్రేకు నొక్కితే కీచుమని అరుపు, స్టీరింగులో వణుకు.

"ఒరేయ్ ఇంజినీరూ, ఏంట్రా ఆ కూత? హీరోగారి ముందు పరువు పోతోంది" అన్నాడు బావ.

షెడ్డుకు పంపితే సరిపోయేది. కానీ నన్ను ఇంజినీరు అని పిలిచాడు కదా. ఉబ్బిపోయాను. నేనే చేస్తానన్నాను, ఇంటి దగ్గరే, పోర్టికోలో. అంతవరకూ సైకిలు ట్యూబుకు పంక్చరు వేయడం తప్ప చేత్తో ఏమీ చేసినవాణ్ణి కాను. కారుతో వచ్చిన పుస్తకం ఉంది, అందులో బొమ్మలున్నాయి, ఇంకేం కావాలి? కొత్త డిస్కులూ ప్యాడ్లూ సింగపూర్ నుంచి వస్తున్న ఒకాయన సూట్‌కేసులో తెచ్చాడు. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం. బ్రేకు నొక్కితే రెండువైపుల నుంచీ ప్యాడ్లు వచ్చి దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. బండి ఆగడమంతా ఆ పట్టు మీదే.

చెబితే నమ్మరు గానీ, పని బాగానే చేశాను. ముహూర్తం ముందురోజు మధ్యాహ్నం వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాను. రాళ్ళకేం కరువు అక్కడ. జాకీ ఎత్తి ముందు చక్రాలు విప్పాను. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ని ఊడదీసి, దాని గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టాను. పాత డిస్కు తుప్పు పట్టి అతుక్కుపోయింది. సుత్తితో కొడుతుంటే అక్క లోపలి నుంచి కేకలేసింది, ఇల్లు కూలుస్తున్నావా అని. ఊడొచ్చాక చూస్తే దాని నిండా వేలు పెడితే తగిలేంత లోతు గీతలు. కొత్తవాటికి తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంది. పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాశాడు, బిగించే ముందు ఆ నూనె చుక్క కూడా లేకుండా తుడవాలని. పెట్రోలులో గుడ్డ ముంచి తుడిచాను. మొహం కనబడేలా మెరిశాయి. వాటిలో నా మొహం చూసుకుని మురిసిపోయాను కూడా. నర్సింగ్ కుళాయి దగ్గర నిలబడి దువ్వెనతో తల దువ్వుకుంటూ నన్నే చూస్తున్నాడు. చూడరా, ఇదీ చదువంటే, అనుకున్నాను.

అప్పుడు బావ వచ్చాడు. మెరిసిపోతున్న డిస్కులను చూసి, "ముహూర్తం ముందు ఇంటికొచ్చిన కొత్త ఇనుము రా. దేవుడికి చూపించకుండా బిగించేస్తావా?" అన్నాడు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి మీకు చెప్పాలి. ఇనుప వస్తువు ఏది కొత్తగా వచ్చినా, కత్తిపీట కానివ్వండి, పెనం కానివ్వండి, నువ్వులనూనె రాసి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి ఒక పూట దేవుడి ముందు ఉంచాలి. దసరా ఆయుధపూజకు స్క్రూడ్రైవర్లకు కూడా చేస్తాం. పెనానికి నూనె రాస్తే మంచిదే, దోసెలు బాగా వస్తాయి. బ్రేకుకు రాస్తే? నాకు తెలుసు. అప్పుడే పుస్తకంలో చదివాను. నోరు తెరిచి చెప్పాను కూడా అనుకుంటా, అలా చేయకూడదు బావా అని. ఏమో, చెప్పానని ఇప్పుడు అనుకుంటున్నానేమో. చెప్పినా గొణిగి ఉంటాను. అక్క డిస్కులూ ప్యాడ్లూ పీట మీద పెట్టి, రెండు పక్కలా శ్రద్ధగా నూనె పట్టించి, పసుపు పులిమి, బొట్లు పెట్టింది. చుట్టూ పూలు పెట్టింది. నేను దండం పెట్టుకున్నాను. నమ్మకమై కాదు. బావ చూస్తున్నాడని.

పొద్దున్నే బిగించడానికి కూర్చున్నాను. ఫరవాలేదులే, తుడిచి బిగిస్తే సరి అనుకుని జేబులో పెట్రోలు గుడ్డ పెట్టుకున్నాను. డిస్కు చేతిలోకి తీసుకుని గుడ్డ ఆనించానో లేదో, హారతి పళ్ళెంతో నిలబడ్డ అక్క గట్టిగా అరిచింది.

"ఒరేయ్ తమ్ముడూ, పెట్టిన బొట్టు చెరుపుతావా? శుభమా అని సినిమా మొదలవుతుంటే అదేం బుద్ధిరా?"

బావ వాచీ చూసుకుంటున్నాడు. వర్జ్యం వచ్చేలోగా గేటు దాటాలి. "కానివ్వరా" అన్నాడు, నా వైపు చూడకుండానే.

ఒక్క మాట. బావా, నూనె ఉంటే బండి ఆగదు. ఇంతే మాట. ఎవరైనా చెప్పగలరు. నేను చెప్పలేదు. ఎందుకని? బావ కొట్టేవాడా? కాదు. ఇంట్లోంచి పొమ్మనేవాడా? బహుశా కాదు. మొహం చిట్లించేవాడు, అంతే. ఆయన మొహం చిట్లిస్తే ఆ పూట నాకు అన్నం దిగదు. నా వెన్నెముక ఆ మాత్రమే. గుడ్డ మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. నాలుగుసార్లు బ్రేకు కొడితే వేడికి ఆ నూనె అదే పోతుందిలే అని నాకు నేనే ఒక శాస్త్రం చెప్పుకున్నాను. ఎంత చక్కటి శాస్త్రమో. చదువుకున్నవాడికి పిరికితనం కూడా ఇంజినీరింగు భాషలోనే వస్తుంది.

పోనీ ఒక చుట్టు తిప్పి చూద్దామన్నా వీల్లేదు. పూజ చేసిన బండి మొదటిసారి కదిలితే నిమ్మకాయల మీద నుంచే కదలాలి, యజమానితోనే కదలాలి, తిన్నగా ముహూర్తానికే పోవాలి. బావ వెనక కూర్చున్నాడు, ఒళ్ళో పళ్ళ పళ్ళెం. నేను ముందు, నర్సింగ్ పక్కన. నెమ్మదిగా పోనీ, ముందు ఒకటి రెండుసార్లు బ్రేకు చూసుకో అని చెవిలో చెబుదామనుకున్నాను. బావ వింటాడని ఊరుకున్నాను. నర్సింగ్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. కుడికాలు ముందు పెట్టి ఎక్కి, స్టీరింగును కళ్ళకద్దుకున్నాడు.

ఇంటి దగ్గర కాస్త సమంగా ఉంటుంది రోడ్డు. తర్వాత ఫిలింనగర్ దాకా వాలే. అడుగున ఒక ఖాళీ స్థలంలో షామియానా, కెమెరాకు పూలదండ, పక్కన కొబ్బరికాయల బల్ల. మేళం మోగుతోంది. నర్సింగ్ బ్రేకు మీద కాలు పెట్టాడు. నేను చూశాను. ఈ మాట నిదానంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదు. నేను అతని కాలు చూశాను. సరైన చోటే, సరైన సమయానికే పెట్టాడు. బండి తగ్గలేదు. ఎత్తి మళ్ళీ తొక్కాడు. సీటులోంచి లేచి నిలబడినంత పనిచేసి తొక్కాడు. "ఆగుతలేదు సార్!" అన్నాడు నాతో. బావతో కాదు, నాతో. హ్యాండ్ బ్రేకు లాగాడు. వెనక చక్రాలు ఏదో కాస్త పట్టుకున్నాయి కాబట్టి మేమీరోజు ఉన్నాం. ఎడమ పక్క హారతి పళ్ళేలతో జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. కుడి పక్క కెమెరా. అతను కుడికి తిప్పేశాడు.

కెమెరా దగ్గరున్నవాళ్ళు తప్పుకున్నారు. కెమెరా తప్పుకోలేదు. దండతో సహా నేలమీద పడింది. కారు ఇంకాస్త దూరం పోయి ఒక బండకు కొట్టుకుని నిలబడింది. బావ నుదురు ముందు సీటుకు తగిలి వాచింది, అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. ఒక మనిషి పోయి ఉంటే ఏం చేసేవారో తెలుసా మీకు? ఇంటివాళ్ళకు ఏదో ముట్టజెప్పి, మరో మంచి గడియ చూసుకుని మొదలుపెట్టేవారు. కానీ దండ వేసిన కెమెరా పడింది. అప్పుడే వచ్చిన హీరో తన కారు దిగకుండానే వెనక్కి తిప్పించాడు. ఆ సినిమా ఆ రోజే చచ్చిపోయింది. ఆ ఆడవాళ్ళ మీదికి పోనిచ్చి ఉంటే నర్సింగ్ ఉద్యోగం ఉండేదేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అలాంటి మనుషులం మేము.

మధ్యాహ్నం మా ఇంటి వరండాలో పంచాయితీ. బావ నుదుటికి కట్టు. దర్శకుడు, ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. నర్సింగ్ మెట్ల కింద నిలబడి, "బ్రేక్ దొక్కిన సార్, పూర దొక్కిన" అని ఒకటే మాట అంటున్నాడు. దర్శకుడు నా వైపు తిరిగాడు. "బ్రేకులు మీరే కదండీ వేసింది?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. మెట్ల కింద నుంచి నర్సింగ్ కూడా.

నేనేమన్నానో చెబుతాను. నవ్వాను ముందు. నవ్వి, "కొత్త బ్రేకులండీ, పూజ చేసి మరీ బిగించాం. బ్రేకుల్లో ఏముంది? తొక్కిన కాలు మంచిదై ఉండాలి గానీ" అన్నాను.

పరాచికంగానే అన్నాను. నిజంగా అన్నానా? పరాచికమైతే ఆ తర్వాత నోరు విప్పి, అబ్బే, ఊరికే అన్నానండీ అనాలి కదా. అనలేదు. వరండాలో అందరూ ఊపిరి వదిలారు. అది నాకు వినపడింది. బ్రేకుల తప్పంటే పూజ తప్పవుతుంది, పూజ తప్పంటే అక్క తప్పు, బావ తప్పు, దేవుడి తప్పు. అంత తప్పు మోసే ధైర్యం అక్కడ ఎవడికీ లేదు. డ్రైవరు కాలంటే అందరికీ హాయి. దర్శకుడు తలూపాడు. "ఐరన్ లెగ్" అన్నాడు. ఇంకొకాయన అందుకుని, పోయిన సినిమా పోవడం కూడా వీడి కాలి వల్లేనేమో అన్నాడు. మొన్నటిదాకా శాలువాలు కప్పింది వీళ్ళే. ఛీ.

అంతటితో ఆగినా మనిషిననుకునేవాణ్ణి. వాళ్ళు లేచి వెళ్ళగానే, కారు ఇంటికి చేర్చాక, మళ్ళీ జాకీ ఎత్తాను. ముందు బంపరు, ఒక లైటు తప్ప బండికి పెద్దగా ఏమీ కాలేదు. చక్రాలు విప్పి చూస్తే డిస్కుల మీద పసుపూ నూనే కలిసి పేస్టులా అంటుకుని ఉంది. పెట్రోలు పోసి కడిగాను. ప్యాడ్లను గరుకు కాగితంతో రుద్ది కడిగి ఆరబెట్టాను. పొద్దున్న అరచేతంత గుడ్డతో అయిపోవలసిన పని. ముహూర్తం చెడిపోయింది కదా, ఇక బొట్టు చెరిపినా అక్క ఏమీ అనలేదు. ఎర్రగా పచ్చగా అయిన ఆ గుడ్డను తుప్పల్లోకి విసిరేసి, "ఒకసారి తోలి చూడు బావా" అన్నాను. బావ స్వయంగా తోలాడు. వాలు మీద బ్రేకు కొట్టాడు. బండి ఠక్కున ఆగింది. కూత కూడా లేదు.

"బ్రేకులు భేషుగ్గా ఉన్నాయిరా" అని నా భుజం తట్టాడు. ఆ తట్టు నాకు నచ్చింది. అదీ రాయాలి కదా. నచ్చింది.

నర్సింగ్‌ని ఆ సాయంత్రమే పొమ్మన్నారు. పోయి ఇంకోచోట చేరలేకపోయాడు. ఫిలింనగర్‌లో ఆ పేరు పడ్డవాణ్ణి కారు తుడవడానికి కూడా పెట్టుకోరు. ఎదురొస్తే పక్కకు తిరిగి నిలబడతారు. బంజారాహిల్స్‌లో ఒక డాక్టరు దగ్గర కుదిరాడట. ఆయన దగ్గరికి సినిమావాళ్ళు వైద్యానికి వస్తారు, ఎవరో చెవిన వేశారు, అదీ పోయింది. నేనెక్కడా ఏమీ అనలేదు. అనవలసిన పని లేదు. ఒక్కసారి అన్నాను, మిగతాది ఊరే చూసుకుంది.

కొన్నాళ్ళకు వెనక గేటు దగ్గరికి వచ్చాడు. అక్క నిద్రపోతోంది, బావ లేడు. గడ్డం పెరిగి ఉంది. అన్నీ మర్చిపోయినా ఆ నాలుగు మాటలూ నాకు నోటికి వచ్చు.

"సార్, మీరు సదువుకున్నోల్లు. బండి సంగతి మీకు ఎర్కనే. పక్కనే గూసున్నరు, అంత జూసిండ్రు. జర నిజం జెప్పుండ్రి. బ్రేక్ ఫేలయిందా, లేకుంటె నా కాలే గసొంటిదా?"

"బ్రేకులు బాగానే ఉన్నాయి నర్సింగ్. బావగారే తోలి చూశారు."

"అంటె నాదే అన్నట్టు."

నేను గేటు చువ్వ పట్టుకుని, "కొందరి కాలు అంతే" అన్నాను.

అతను తిట్టలేదు. కొట్టలేదు. పనిలో పెట్టించమని అడగలేదు కూడా, అడిగి ఉంటే ఏదో ఒకటి చేసి నన్ను నేను గొప్పవాణ్ణనుకునేవాణ్ణి. తలొంచి తన కుడికాలు చూసుకున్నాడు. చెప్పులోంచి కాలు బయటికి తీసి, ఏదో కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "సరె సార్" అని వెళ్ళిపోయాడు. నా మాట నమ్మాడు. మంచి కాలని వాళ్ళంటే నమ్మినట్టే, చెడ్డకాలని నేనంటే నమ్మాడు. ఆ వెర్రివాడికి నమ్మడం తప్ప ఇంకేం రాదు. వరండాలో అన్నమాట భయంతో అన్నానని సరిపెట్టుకోవచ్చు. గేటు దగ్గర ఏ భయం ఉంది? మేమిద్దరమే ఉన్నాం. అవునయ్యా, నూనె, నేనే తుడవలేదు అంటే ఎవడు వింటాడు? అతనొక్కడే వినేవాడు. అతనికి చాలు.

తర్వాత నేను బాగుపడ్డాను. బావ దగ్గర ప్రొడక్షన్ చూసుకున్నాను, తొంభైల చివరికి టీవీ సీరియళ్ళు తీస్తూ వెంగళరావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు కొన్నాను. గృహప్రవేశం నాడు బోరు ఎండిపోతే నీళ్ళ ట్యాంకరు తెప్పించాం. ట్యాంకరు గేటు బయటే ఆగిపోయింది. డ్రైవరు దిగడం లేదు, పైపు వాచ్‌మన్‌ని లాక్కోమంటున్నాడు. ఏమిటా అని నేనే వెళ్ళాను. నర్సింగ్.

తల నెరిసింది. దువ్వెన లేదు. నన్ను చూసి నవ్వాడు, నిజంగానే సంతోషంగా. "మీ ఇల్లా సార్! మంచిగుంది" అన్నాడు. లోపలికి రా, భోంచేసి వెళ్ళు అన్నాను.

"వద్దు సార్. మంచి కార్యం చేసుకుంటున్నరు, నేనెందుకు? మీకు ఎర్కనే గద." మీకు తెలిసిందే కదా అంటున్నాడు, నాతో. తర్వాత మనవడు పుట్టాడని చెప్పాడు. "మొన్ననే సార్, మా బిడ్డకు. కిటికీల కెల్లి జూసిన. మస్తుగున్నడు. లోపటికి పోలే. పసిపోరడు, నా అడుగెందుకని." కూతురు ఏడ్చిందట, రా నాయనా అని. వెళ్ళలేదట. అది చెబుతున్నప్పుడు అతని గొంతులో బాధ లేదు. జాగ్రత్త ఉంది. ఇంట్లో పసిపిల్లల చుట్టూ నిప్పు లేకుండా చూసుకుంటామే, అలాంటి జాగ్రత్త.

ఇప్పుడు చెప్పు, అని నాలో ఎవరో అన్నారు. నేను పట్టుపంచె కట్టుకుని ఉన్నాను. లోపల పురోహితుడు పిలుస్తున్నాడు. నర్సింగ్ చెయ్యి స్టీరింగు మీద ఉంది. నేను, "టీ తెప్పించనా?" అన్నాను.

టీ.

వాచ్‌మన్ తెచ్చిన టీ అతను ట్యాంకరులోనే కూర్చుని తాగాడు. నీళ్ళు పట్టడం అయ్యాక వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అందరూ నా ఇల్లు ఎంతో కలిసొచ్చేలా ఉందన్నారు.

ఆ తర్వాత వెతికానా అంటే, వెతికానని అబద్ధం చెప్పగలను. ట్యాంకర్లు నిలబడే చోట ఒకసారి కారు ఆపాను. దిగలేదు. మీకు చెప్పడం తేలిక. మీరు కాలు వంక చూసుకోరు. మీరు నన్ను అసహ్యించుకుంటే నాకు నష్టం లేదు, నాకంటే ఎక్కువ అసహ్యించుకోలేరు. అతను మాత్రం వింటే ఏం చేస్తాడో నాకు తెలుసు. తిట్టడు. పరుగెత్తుకెళ్ళి మనవణ్ణి ఎత్తుకుంటాడు. వాడు ఈపాటికి ఎత్తుకునేంత చిన్నవాడు కాడు. అది తలచుకుంటేనే నేను కారు దిగలేకపోయాను.

అందుకని, అతనితో అనవలసింది ఇక్కడ రాసి పెడుతున్నాను. నర్సింగ్, నువ్వు బ్రేకు సమయానికే తొక్కావు. గట్టిగానే తొక్కావు. మనుషులను తప్పించి తిప్పావు. డిస్కుల మీద నూనె ఉంది. గుడ్డ నా జేబులో ఉంది. నేను తుడవలేదు.

రాశాను. గొంతులో అడ్డం తగ్గింది. తగ్గిందని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది, అతను ఇంకా ఏదో ఒక గుమ్మం బయటే నిలబడి ఉంటాడు కదా.